'అది' అంటే ఏది?

కంప్యూటర్‌కి బుద్ధి ఉందో లేదో తేల్చడానికి కెనడా శాస్త్రవేత్త హెక్టర్ లెవెక్ 2011లో ఒక పరీక్ష పెట్టాడు. పేరు వినోగ్రాడ్ స్కీమా. మన వంటింటి భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "బిర్యానీ గిన్నె ఫ్రిజ్‌లో పట్టలేదు, అది మరీ పెద్దది." ఏది పెద్దది? గిన్నె. 'పెద్దది' తీసేసి 'చిన్నది' పెట్టండి, 'అది' కాస్తా ఫ్రిజ్ అయిపోతుంది. ఇక్కడ వ్యాకరణం సాయం చేయదు, గిన్నెలు సర్దిన అనుభవం ఉండాలి. 2016లో న్యూయార్క్‌లో పోటీ పెడితే, అన్నిటికన్నా బాగా చేసిన ప్రోగ్రాముకి 58 శాతం వచ్చాయి. 25,000 డాలర్ల బహుమతి ఎవరికీ దక్కలేదు.

ఆ ప్రోగ్రాము మీద నాకు ఎనలేని సానుభూతి.

మొన్న కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో, వంటింట్లోంచి ప్రశ్నపత్రం వచ్చింది. "అది ఇంకా రాలేదేంటండీ? నిన్నా ఇంతే చేసింది. ఒకసారి ఫోన్ చెయ్యండి."

ఇంగ్లీషువాడికి అమ్మాయి వేరు, వస్తువు వేరు. మనకి ఆడపిల్లయినా నీళ్ళ ట్యాంకరయినా 'వచ్చింది' ఒకటే. పైగా రెండో వాక్యంలో ఆ 'అది' కూడా లేదు, మింగేశాం. నేను సాక్ష్యాధారాలు పరిశీలించాను. సంపు అడుగంటింది. నిన్న ట్యాంకర్ ఆలస్యమైంది. ఫోన్ చేశాను.

లెవెక్ పరీక్షకి ఒక నియమం ఉంది: వాక్యం చదవగానే మనిషికి జవాబు తట్టాలి, ఇంకో అర్థం ఉందన్న అనుమానమే రాకూడదు. ఆ లెక్కన మా ఇంట్లో నేను మనిషిని కాను. "ఏది?" అని ఎదురు అడిగితే నెగటివ్ మార్కులు.

2019కల్లా యంత్రాలు 90 శాతానికి చేరాయి. అర్థం చేసుకోకుండా, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో బట్టీ పట్టి గట్టెక్కుతున్నాయేమోనని అదే ఏడాది దాదాపు 44,000 ప్రశ్నలతో 'వినోగ్రాండే' తయారుచేశారు. అంత శ్రమ దేనికి? మా ఆవిడా మా అత్తగారూ ఫోన్లో మాట్లాడుకునేది ఓ పావుగంట రికార్డు చేస్తే చాలు. "అది దాంతో అందట, ఇది విని ఊరుకుందట!" ఇద్దరికీ నూటికి నూరు. పరీక్షా కేంద్రాన్ని వెంటనే కూకట్‌పల్లికి మార్చాలని నా మనవి.

అరగంటలో ట్యాంకర్ వచ్చింది, 5,000 లీటర్లు. ట్యూషన్‌కి వెళ్ళిన మా అమ్మాయి మాత్రం ఇంకా రాలేదు. మా ఆవిడ బాల్కనీలోంచి కిందికి చూసి, నా వైపు తిరిగి, "అది కాదండీ, అదీ!" అని విడమరిచి చెప్పింది.