డాక్టరుకు చెప్పని పొడపత్రి

తిరుపతిలో షుగర్ తగ్గుతుందని వాడే పొడపత్రి ఆకు పొడి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. మూలికల దుకాణాల్లో ఉంటుంది, పచారీ కొట్లలోనూ దొరుకుతుంది. దాని పక్కనే, షుగర్‌కే వాడే వేగిస చెట్టు చెక్కతో చేసిన గ్లాసు. రాత్రి నీళ్లు పోసి పెట్టుకుని, తెల్లారి పరగడుపున తాగమంటారు. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. ఇన్ని కోట్ల మంది ఉన్నచోట, బంధువో పక్కింటాయనో ‘మాత్రలతో పాటు ఇది కూడా వేసుకో’ అనడం మామూలే.

అలా అనేవాళ్లను వెక్కిరించే ఉద్దేశం మాకు లేదు. పొడపత్రి ఉత్త నమ్మకం కాదు. పచ్చి ఆకు నమిలి నోట్లో చక్కెర వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు కాసేపు నాలుకకు తీపి తెలియకుండా చేస్తాయి. అయితే నాలుక మీద తీపి చచ్చినంత మాత్రాన రక్తంలో చక్కెర చావదు కదా! దానికి వేరే రుజువు కావాలి, కొంత ఉంది కూడా. మద్రాసులో పరిశోధకులు 22 మంది టైప్-2 రోగులకు మామూలు మాత్రలతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారాన్ని ఏడాదిన్నరకు పైగా ఇచ్చి, ఫలితాలను 1990లో ప్రచురించారు. చాలామందికి మాత్రల మోతాదు తగ్గింది. ఐదుగురు మాత్రలు మానేసినా షుగర్ అదుపులోనే ఉంది. వేగిసను వైద్య పరిశోధన మండలే పరీక్షించింది. కొత్తగా షుగర్ బయటపడిన 97 మందిలో 69 శాతం మందికి 12 వారాల్లో అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించింది.

ఈ రెండు అధ్యయనాలనూ అమ్మేవాళ్లు సగమే చెబుతారు. రెండూ చిన్నవి. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే జరిగినవి. వాటిలో వాడింది కొలిచి తీసిన సారం. డాక్టర్ల కంట్లో ఉన్న రోగులు వాళ్లు. మన వంటింటి డబ్బాలోని చెంచాడు పొడిలో అసలు మందు ఎంత ఉందో, గ్లాసులో రాత్రంతా నానిన నీళ్లలోకి ఎంత దిగిందో కొలిచినవాళ్లు ఎవరు?

పని చేయకపోతే డబ్బు దండగ, అంతే. పని చేస్తేనే జాగ్రత్త పడాలి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్రో, ఇన్సులినో తీసుకునేవాళ్లు పొడపత్రి కూడా కలిపితే రెండూ ఒకే వైపు లాగుతాయి, రక్తంలో చక్కెర ఉండాల్సిన దానికన్నా కిందికి పడిపోవచ్చు. మన ఊళ్లో దీనికి ఒక ప్రత్యేక సందర్భం ఉంది. శనివారం ఉపవాసం, పొద్దున్నే మాత్ర, దాని మీద పొడపత్రి చూర్ణం, ఆపైన అలిపిరి నుంచి 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపే చెమటలు, చేతుల వణుకు, కళ్లు బైర్లు. మెట్లెక్కిన ఆయాసమేలే అని పక్కన కూర్చోబెడతారు. కూర్చోబెడితే సరిపోదు, వెంటనే చక్కెరో గ్లూకోజో నోట్లో పడాలి. నడకదారి పట్టే షుగర్ రోగులు జేబులో చక్కెర పెట్టుకోవాలి, చూర్ణం సంగతి పక్కనున్నవాళ్లకు చెప్పి ఉండాలి.

చెప్పకపోవడమే అసలు జబ్బు. మూడు నెలలకోసారి చెకప్‌కు వెళ్లే రోగి, డాక్టరు అరుస్తాడని పొడపత్రి ఊసెత్తడు. డాక్టరు రిపోర్టు చూసి, మాత్రలే బాగా పని చేస్తున్నాయనుకుని అదే మోతాదు రాస్తాడు. చూర్ణం అయిపోయిన నెలలో షుగర్ పైకెగిరితే మోతాదు పెంచుతాడు. రోగి మళ్లీ చూర్ణం మొదలుపెడతాడు. ఇందులో తప్పు రోగిది మాత్రమే అనలేం. ‘ఆకులూ అలములూ తింటే నా దగ్గరికి రాకండి’ అని కసిరే డాక్టర్లు నిజం చెప్పే దారిని తామే మూసేస్తున్నారు. మరోవైపు, చూర్ణం మొదలుపెట్టగానే మాత్రలు గిరాటేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆ పూట ఏమీ కాదు. కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు చప్పుడు చేయకుండా దెబ్బతింటూ పోతాయి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు వీటి జోలికి వెళ్లకపోవడమే మేలు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపాలి. పొడపత్రి వాడిన ఒక షుగర్ రోగికి కాలేయం దెబ్బతిన్న ఉదంతం 2010లో వైద్య పత్రికకు ఎక్కింది. ఒక్క కేసుతో ఆకును దోషిగా నిలబెట్టలేం, కానీ ‘ఆకే కదా, ఏం చేస్తుంది’ అనే మాట మాత్రం చెల్లదు.

ఇక ప్యాకెట్ సంగతి. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగినవారిలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు 2021లో రాస్తే, అది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఆ వాదనే నిజమనుకున్నా కొనేవాడికి ఏం ధైర్యం? ఎండబెట్టి దంచాక ఏ ఆకైనా ఒకటే రంగు. శేషాచలం అడవిలో పుట్టి పెరిగిన యానాది పెద్దలు ఆకును చూసి, నలిపి వాసన పట్టి చెప్పగలరు. ప్లాస్టిక్ కవరులోని పొడిని చూసి ఎవరు చెబుతారు? అంతకన్నా ప్రమాదం కల్తీ. మూలికల పేరుతో అమ్మిన షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ లాంటి ఇంగ్లిషు మందులు కలిపిన సంగతి పలు దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. వారం తిరక్కుండా షుగర్ సగానికి దిగిందంటే సంబరపడకండి, ప్యాకెట్‌ను అనుమానించండి.

చట్టం లేక కాదు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. అయినా ‘షుగర్ శాశ్వతంగా మాయం’ అనే బోర్డులు గోడల మీద పదిలంగా ఉన్నాయి. ఆయుర్వేద మందు తయారు చేయడానికి లైసెన్సు కావాలి, అమ్మడానికి అక్కర్లేదు. ఈ సందు మూయాల్సింది కేంద్రం. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ లేని ప్యాకెట్లను దుకాణాల నుంచి తీయించడానికి మాత్రం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, ఇక్కడి అధికారులు కదిలితే చాలు.

తిరుపతికి ఉన్న వసతి చాలా ఊళ్లకు లేదు. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు ఒక పక్క, టీటీడీ ఆయుర్వేద కళాశాల, దాని ఆస్పత్రి మరో పక్క. అన్నీ ఒకే ఊళ్లో ఉండి ఒకరి రోగి సంగతి మరొకరికి తెలియకపోవడం ఏమిటి? ఓపీ చీటీ మీద ‘ఇంకేమైనా చూర్ణాలు, కషాయాలు వాడుతున్నారా?’ అని ఒక్క గడి చేర్చడానికి బడ్జెట్ అక్కర్లేదు. ఆయుర్వేద కళాశాలలో మూలికలను గుర్తుపట్టడమే పనిగా చదివిన ద్రవ్యగుణ విభాగం ఉంటుంది. వారానికి ఒక రోజు అక్కడ కౌంటరు తెరిచి, జనం తెచ్చిన పొడులను, చెక్కలను చూసి అది ఏమిటో, ఎవరు వాడకూడదో చెప్పే ఏర్పాటు చేయాలి. అనుమానం వచ్చినవాటిని అక్కడి నుంచే ల్యాబుకు పంపాలి, ఫలితం దుకాణం పేరుతో సహా బయటపెట్టాలి.