లాడ్జిలో కాల్పులు

ముందే చెప్పేస్తున్నాం. లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా గదులు అద్దెకిచ్చేది కాదు, ఫ్రీమేసన్లనే పాత సోదర సంఘంవాళ్లు కలుసుకునేది. కేటరింగాయనకు ఈ తేడా ఫోన్లో మూడుసార్లు చెప్పాం. అయినా అరవైమంది భోజనం మొదట బస్టాండు ఎదురుగానే దిగింది. సరే, అదెలాగో సర్దుకుంది. అసలు గొడవ గ్లాసులది.

కొత్త మాస్టర్, అంటే లాడ్జి పెద్ద, పీఠమెక్కిన రాత్రి విందు ఉంటుంది. విందులో టోస్టులు, అంటే ఎవరి మేలో కోరి గ్లాసెత్తి తాగడాలు, టోస్టు కాగానే 'ఫైర్'. ఫైర్ అంటే మంట కాదు, కాల్పులు. దానికి గ్లాసు వేరే: పొట్టిగా, బరువుగా, అడుగు బొటనవేలంత మందంగా ఉంటుంది. 'పాయింట్, లెఫ్ట్, రైట్' అంటూ మూడు మార్లు ఆడించి అందరూ ఒకే దెబ్బగా బల్లకేసి కొట్టాలి. తుపాకులన్నీ ఒక్కసారి పేలినట్టు మోగాలి. ఒక్కరు వెనకబడినా పెళ్లి మేళంలో డోలు తప్పినట్టే.

ఆ గ్లాసులు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి పాత సెక్రటరీగారి దగ్గర. ఆయన కూతురి పురిటికని అమెరికాలో. కొత్తవి కొందామంటే ట్రెజరర్‌గారు మూడు కొటేషన్లు తెమ్మన్నారు. గ్లాసులకు, మూడు కొటేషన్లు! విసిగిపోయి, విందు పనులు చూసే స్టీవార్డులం మేమే 'కేటరింగ్ గ్లాసులతో కానిద్దాం' అనేశాం. తప్పు మాదే, ఒప్పుకుంటాం. సగం.

టోస్టుకు ముందు చరిత్ర ప్రసంగం. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జిలు ఒక బీరు దుకాణంలో కలిసి, లాడ్జిలకు పైన ఉండే గ్రాండ్ లాడ్జి పెట్టడం, 1730లో కలకత్తాకు రావడం, 1884లో అక్కడే నరేంద్రనాథుడు, అంటే తర్వాతి వివేకానందులు, మేసన్ కావడం, హైదరాబాదులో తానాషా నాటి గోషామహల్ బారాదరి మేసన్ల చేతికి రావడం. 1961లో భారత గ్రాండ్ లాడ్జి ఏర్పడేసరికి బగారా అన్నం చల్లారింది.

వడ్డించే కుర్రాళ్లను బయటికి పంపి తలుపేశాం. బయట కత్తి పట్టుకుని టైలర్. (బట్టలు కుట్టే టైలర్ కాదు, కాపలా ఉండే టైలర్. ఈ ముక్క మా ఇళ్లల్లో ఇప్పటికీ నమ్మరు.)

ఇక ఆ దెబ్బ. కేటరింగ్ బల్ల అంటే రెండు ఇనప స్టాండ్ల మీద ఒక పొడుగాటి చెక్క. స్టాండ్లు దాని చివర్లకు రావాలి. మాకు వేసినాయన రెండింటినీ నడిమికి జరిపాడు, కాళ్లకు అడ్డం రాకూడదనట, ఏం దయార్ద్ర హృదయం! దాంతో చెక్క రెండు వైపులా మూరెడేసి గాల్లో ఉంది. తూర్పు చివర బరువైన సీనియర్లు. పడమటి చివర దాల్చా బకెట్, పెరుగుపచ్చడి, నీళ్ల జగ్గులు. 'రైట్' అనే మాట పూర్తయీ కాకముందే తూర్పు దిగింది, పడమర లేచింది. దాల్చా బకెట్ లేవలేదు, ఆలోచించింది. ఆలోచించి, జారుడుబల్ల మీద చంటిపిల్లాడిలా నిదానంగా బయల్దేరి, దారిలో పెరుగుపచ్చడిని కూడా కలుపుకుని, కొత్త మాస్టర్ తెల్లటి గొర్రెతోలు ఏప్రన్ దగ్గర ఆగింది. ఇక గ్లాసులంటారా, మోగాయి. మోత మాత్రం మా లాడ్జిలో ఎన్నడూ అంత కలిసికట్టుగా రాలేదు. అప్పడాల్లాంటి గ్లాసులు మరి, కాడలు చేతుల్లో, మిగతాది పచ్చట్లో.

తుపాకులనుకుని కుర్రాళ్లు తలుపు నెట్టారు. టైలర్ కత్తి అడ్డం పెట్టాడు. వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు.

విందులో చివరి టోస్టు టైలర్‌దే: లోకంలో ఎక్కడెక్కడో కష్టాల్లో ఉన్న పేద సోదరులకు త్వరగా ఊరట కలగాలని. ఆ రాత్రి దాన్ని స్టీలు గ్లాసులతో, కొట్టకుండా, మాస్టర్ ఒడిలోంచి శనగపప్పు ఏరుతూ కానిచ్చాం.

పొద్దున బిల్లొచ్చింది. గ్లాసులు ముప్పై నాలుగు. ట్రెజరర్‌గారు మూడు కొటేషన్లు అడుగుతున్నారు.