నూరేళ్ల కెరటమా? రోజువారీ కెరటమా?

మామయ్య విశాఖ యార్డులో వెల్డింగ్ చేసి రిటైరయ్యారు. మేనకోడలు సముద్రంలో నిలబెట్టే చమురు ప్లాట్‌ఫారాలకు డిజైన్ చేస్తుంది. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ రిగ్గు తిరగబడి 123 మంది చనిపోయిన సంగతి దగ్గర మాట పెరిగింది.

మామయ్య: నూరేళ్లకోసారి వచ్చే అలకి తట్టుకునేట్టు కట్టాక, రోజూ వచ్చే అలలు దాన్నేం చేస్తాయమ్మా? ఉక్కు మందంగా ఉంటే చాలు.

మేనకోడలు: ఫెటీగ్ తెస్తాయి మామయ్యా, అంటే పదేపదే లాగి వదిలితే ఉక్కు అలసిపోయి పగలడం. ఎనిమిది సెకన్లకో అల అనుకోండి. రోజుకి 10,800. ఇరవై ఏళ్లకి దాదాపు 8 కోట్లు. ఏ ఒక్కటీ ఉక్కుని విరవదు. కానీ అతుకులో సన్నటి పగులుంటే, ప్రతి అలా దాన్ని లాగి వదులుతుంది. కీలాండ్‌ని కూల్చింది నూరేళ్ల అల కాదు, ఉత్తర సముద్రం ఎరిగిన గాలివానే. హైడ్రోఫోన్ (నీటిలో శబ్దాలు పట్టే పరికరం) బిగించడానికి, రిగ్గు కాలిని పట్టి ఉంచే ఒక బ్రేస్ గొట్టానికి 6 మిల్లీమీటర్ల వెల్డింగ్ వేశారు. పగులు పుట్టింది అక్కడే. ఆ బ్రేస్ తెగాక, అదే కాలిని పట్టుకున్న మిగతా అయిదూ తెగాయి. కాలు ఊడిపోయింది.

మామయ్య: అంటే తప్పు వెల్డర్‌దే! ఏది విరిగినా మా మెడకే.

మేనకోడలు: నేనలా అన్నానా?

మామయ్య: అతుకు బాగాలేదని తేల్చలేదూ?

మేనకోడలు: తేల్చారు. పగులు లోపల పెయింట్ కనపడింది, అంటే కట్టేనాటికే ఉంది. కానీ అది పరికరం బిగించే ముక్కేగా అని తేలిగ్గా తీసుకున్నది డిజైన్ వాళ్లు. అంటే మేమే.

మామయ్య: సరే, అదే ఉత్తర సముద్రంలోని డ్రౌప్నర్ సంగతేంటి? 1995 జనవరి 1న అక్కడి ప్లాట్‌ఫారం మీద లేజర్ కొలిచిన అల 25.6 మీటర్లు. చుట్టూ ఉన్న పెద్ద అలలు 12 దగ్గర. అలాంటిదొక్కటి నేరుగా డెక్‌కి తగిలితే నీ 8 కోట్ల లెక్క ఎందుకమ్మా?

మేనకోడలు: నిజమే. డెక్ ఎత్తు పెద్ద అలని బట్టే పెట్టాలి, దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. మందం చాలన్నది మాత్రం ఒప్పుకోను. గొట్టం లావైతే అల తోపు కూడా పెరుగుతుంది. అతుకు దగ్గర ఒత్తిడి ఊగిసలాట రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, సుమారు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కట్టడం ఊగే వేగం అలల వేగానికి దగ్గరైతే, ఊయలని సరిగ్గా సమయానికి తోసినట్టే.

మామయ్య: మా ఫోర్‌మన్ అతుకు అంచుని గ్రైండర్‌తో నున్నగా చేయందే ఊరుకునేవాడు కాదు. అందం కోసమనుకునేవాళ్లం.

మేనకోడలు: ఆ అంచు దగ్గరే మామయ్యా, పగులు మొదలయ్యేది.