ప్రవేశించరాదు, చదువుకోవచ్చు

ప్రభుత్వ బడుల మరమ్మతుకు నిధులు లేవని గిట్టనివారు చేస్తున్న ప్రచారాన్ని ఖండించక తప్పదు. "ఈ గది శిథిలావస్థలో ఉన్నది, లోపలికి ప్రవేశించరాదు" అని పెచ్చులూడిన గోడ మీద ఎర్రటి అక్షరాలతో రాయించడానికి రంగు ఎక్కడి నుంచి వచ్చిందో వారు చెప్పగలరా? పైగా అక్షరాలు ముత్యాల్లా, తప్పుల్లేకుండా ఉంటాయి. ఆ గోడను ఆనుకుని ఉన్న వరండాలోనే కూర్చున్న మూడో తరగతి పిల్లలు వాటిని కూడబలుక్కుని చదువుకుంటారు. పిల్లలు లోపలికి వెళ్లరాదని ఉత్తర్వు ఉంది గాని, గోడ బయటివైపు కూలరాదని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

ఆ గోడ మీది పగులుకు మన కార్యాలయాల్లో జరిగే మర్యాద చూసి తీరవలసిందే. మొదట ప్రధానోపాధ్యాయులు దాని ఫొటో తీసి మండల విద్యాధికారికి పంపుతారు. పగులు సరిగా కనబడటం లేదు, మళ్లీ తీసి పంపమని జవాబు వస్తుంది. రెండోసారి స్పష్టంగానే కనబడుతుంది, ఎందుకంటే ఈలోగా ఒక వానాకాలం గడిచింది. తరువాత అసిస్టెంట్ ఇంజినీరు గారు టేపుతో వచ్చి, పొడవూ వెడల్పూ కొలిచి అంచనా తయారు చేస్తారు. దానికి పరిపాలనా అనుమతి ఒకచోట, సాంకేతిక అనుమతి మరొకచోట దొరకాలి. రెండూ దొరికేసరికి కొత్త ఆర్థిక సంవత్సరం, దాని వెంట కొత్త ధరల పట్టిక వస్తాయి గనుక అంచనాను సవరించాలి, సవరించాలంటే మళ్లీ కొలవాలి. కొలిచినప్పుడు, పగులు పాత కొలతను ఏమాత్రం గౌరవించకుండా స్లాబు దాకా పాకిపోయిందని తేలుతుంది. అంటే ఇది ఇక మరమ్మతు ఫైలు కాదు, కూల్చివేత ఫైలు. కూల్చాలంటే ముందు ఆ గది పనికిరాదని పై ఇంజినీరు ధ్రువీకరించాలి, ఆయన ధ్రువీకరిస్తారు కూడా. కాని ఆ స్థలంలో కొత్త గదికి మంజూరు లేదు, ఉన్నది కూలిస్తే యూడైస్ అనే దేశవ్యాప్త బడుల లెక్కల్లో గదుల సంఖ్య తగ్గుతుంది. కనుక అందరి శ్రేయస్సు దృష్ట్యా గదిని అలాగే ఉంచి, ఒక రంగు డబ్బా తెప్పిస్తారు. టెండరు దాకా వెళ్లిన అదృష్టవంతమైన పగుళ్లు కూడా లేకపోలేదు గాని, పాత బిల్లుల కోసం తిరుగుతున్న కాంట్రాక్టర్లు వాటి ముఖం చూడరు.

బడులను బాగుచేసే పథకాలు రాలేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో నాడు-నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి వచ్చాయి, కొన్ని బడులు నిజంగానే బాగుపడ్డాయి. ప్రభుత్వం మారిన చోట మాత్రం పునాది ఒకరిది, పిల్లర్లు మరొకరివి, స్లాబు ఎవరిదీ కాదు.

నిధుల సంగతి అంటారా, సమగ్ర శిక్షా అనే కేంద్ర పాఠశాల విద్యా పథకం నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు ఉంది. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు తీసేయాలి. మిగిలిన దానితో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, కుళాయి, ఆపైన భవనాన్ని కూలకుండా నిలబెట్టడం.

చట్టం సంగతి ఇంకా ముచ్చటైనది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రతి ఉపాధ్యాయునికి కనీసం ఒక గది చొప్పున ఎండకూ వానకూ తట్టుకునే భవనం ఉండాలని చెప్పి, లేనివారికి మూడేళ్ల గడువు ఇచ్చింది. గడువులోగా సరిచేసుకోని బడికి గుర్తింపు రద్దవుతుంది. ఆ తరువాత కూడా నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఇంకా మొండికేస్తే రోజుకు పదివేలు. అయితే ప్రభుత్వం నడిపే బడికి అసలు గుర్తింపే అక్కర్లేదని అదే చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. లేని గుర్తింపును రద్దు చేయడం ఎవరి తరం?

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి కూలి ఏడుగురు పిల్లలు చచ్చిపోయారు. వెంటనే ఉపాధ్యాయులను సస్పెండ్ చేశారు. ఒక బస్తా సిమెంటు కొనడానికి పై అధికారి సంతకం కోసం చేతులు కట్టుకుని నిలబడే బడిపంతులుకు, కప్పు వేయించే అధికారం ఎప్పుడిచ్చారని అతన్ని సస్పెండ్ చేశారు? డబ్బు ఆపినవాళ్లలో ఎందరిని సస్పెండ్ చేశారు? ఆ మరునాడు, అన్ని రాష్ట్రాలూ బడులకు భద్రతా తనిఖీ జరపాలని కేంద్రం ఆదేశించింది. మరునాడు! 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో 94 మంది పసిపిల్లలు మంటల్లో కాలిపోయారు. పిల్లలకు భద్రమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13నే తేల్చి చెప్పింది. ఈ పదహారేళ్లూ తనిఖీ చేయకుండా మీ చేతులు పట్టుకున్నది ఎవరు? పేదవాడి బిడ్డ నెత్తిన పడే కప్పు కాబట్టి పడేదాకా ఆగారు, అంతే కదా?

ఆవేశం పాలనకు మంచిది కాదంటారు గనుక ఒక చిన్న సవరణ మాత్రం సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. రోజుకు పదివేల జరిమానాను ప్రభుత్వ బడులకూ వర్తింపజేసి, ఆ సొమ్మును ఆర్థిక శాఖ ఖాతా నుంచి నేరుగా ఆ బడి ఖాతాలోనే జమచేయించాలి. ఏడాది పొడవునా ఎదురుచూసే గ్రాంటు రెండున్నర రోజుల్లో చేతికొస్తుంది. ఇక ఫైలు ఎక్కడ ఎంతకాలం పడుకున్నా బడికి లాభమే గనుక, అంచనాలు తొందరపడి ఆమోదించవద్దని, తీరిగ్గా మరోసారి సవరించి పంపమని ప్రధానోపాధ్యాయులే పైవారిని వేడుకుంటారు.