ముందు ఎవరి పేరు?

స్థానిక టీవీ చానళ్లు పెద్ద నెట్‌వర్క్ పేరును ముందు తగిలించుకుంటేనే జనం గుర్తుపడతారని ఒక వ్యాసంలో చదివాను. అమెరికాలో అది నిజమేనేమో. మన దగ్గర అంత తేలిగ్గా తేలదు.

జెమినినే తీసుకోండి. సన్ నెట్‌వర్క్ తమిళంలో సన్, కన్నడలో ఉదయ, మలయాళంలో సూర్య అంటూ దేనికి దాని పేరే ఉంచింది. చెన్నై కంపెనీ అని చాలామంది పట్టించుకోరు కూడా. స్టార్ దారి వేరు. 2015లో మా టీవీని కొని, 2017కల్లా స్టార్ మా చేసేసింది. అయినా 'మా' అనే అక్షరాన్ని మాత్రం తీసేయలేకపోయారు చూడండి! మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ 'మా టీవీ పెట్టరా' అనే అంటారు, రిమోట్‌లో ఏ నంబరైనా సరే.

ఆ వ్యాసంలో అసలు ప్రస్తావించనిది దూరదర్శన్. లోగో, 'డీడీ' అన్నీ ఢిల్లీవే. కానీ వెనక పేరు ఆ ప్రాంతానిది: సప్తగిరి, యాదగిరి, ముంబైకి సహ్యాద్రి, గుజరాత్‌కు గిర్నార్. అన్నీ కొండలే, ఎవరి ఆలోచనో గానీ బాగుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాద్ కేంద్రం చానల్ యాదగిరి అయింది, సప్తగిరి పేరు ఆంధ్రకు వెళ్లింది. ఆస్తుల పంపకాల్లో ఎంత గొడవ జరిగిందో తెలుసుగా, ఈ పేరు మాత్రం గప్‌చుప్‌గా సర్దుకుంది. 2024 జనవరిలో దూరదర్శన్ తమిళ చానల్ డీడీ పొదిగై పేరును డీడీ తమిళ్ చేశారు. ఏ భాషో వెంటనే తెలుస్తుంది, నిజమే. కానీ మన రెండింటికీ అదే పద్ధతి పెడితే ఏమంటారు, డీడీ తెలుగు ఒకటి, డీడీ తెలుగు రెండా?