పావలా యజమాని విన్నపం

గౌరవనీయులైన షేర్డ్ ఓనర్‌షిప్ పథకం వారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా వైపు ఆనవాయితీ. మన ఉమ్మడి కుశలంలో ముప్పావు వంతు తమరి పేరనే ఉంది కనుక, నా పావు వంతు గురించి మాత్రమే విన్నవించుకుంటున్నాను.

1980 నాటి హౌసింగ్ చట్టం దగ్గరి నుంచి ఇంగ్లండులో ఇల్లు కొనలేని వారికి ఇంట్లో కొంత వాటా అమ్మి, మిగతా వాటాకు అద్దె తీసుకుంటూ, తమరు యజమానులను చేస్తూనే ఉన్నారు. 2019లో మిల్టన్ కీన్స్‌లో 2,80,000 పౌండ్ల ఫ్లాటులో పావు వాటాను, అంటే 70,000 పౌండ్ల యాజమాన్యాన్ని, 7,000 డిపాజిట్టు కట్టి, మిగతాది బ్యాంకు అప్పుతో నేనూ సంపాదించుకున్నాను. నాది కాని 2,10,000కు ఏడాదికి 2.75 శాతం చొప్పున నెలకు 481 పౌండ్ల అద్దె మొదలైంది. రిటైల్ ధరల సూచీ పెరిగిన శాతానికి అర శాతం కలిపి ఏటా పెరగడమే తప్ప తగ్గడం దాని జాతకంలో లేదు. పావలా కోడికి ముప్పావలా మసాలా అనే మాటను ఇంత కచ్చితమైన లెక్కతో ఆచరించినవారు మరొకరు లేరు.

అద్దె సంగతి తెలిసే సంతకం చేశాను. నా మనసుకు ఎక్కనిది సర్వీస్ చార్జి, అంటే భవనం ఉమ్మడి ఖర్చుల్లో మా వంతు. నిన్న వచ్చిన బిల్లులో మొదటి పంక్తి ‘మీ వాటా 25 శాతం’ అని గుర్తుచేసింది. దాని కిందనే లిఫ్టు మరమ్మతు, మెట్ల మీది దీపాలు, చెత్త డబ్బాల గది తాళం అన్నీ మా ఫ్లాటు వంతుకు పూర్తిగా, పదహారణాలూ నా పేరనే పడ్డాయి. మా ఊళ్లో పొలం సగపాలుకు ఇచ్చిన ఆసామి ఎరువుల ఖర్చులోనూ సగం పెట్టుకునేవాడు. ముప్పావు వంతు ఆసామి అయిన తమరు మాత్రం గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

మిగతా వాటా కొనుక్కోమంటారు. దానికి స్టెయిర్‌కేసింగ్ అని ముచ్చటైన పేరు. ఒక్కో మెట్టు కనీసం పది శాతం, అదీ ఆనాటి మార్కెట్ ధరకు. ఎక్కిన ప్రతిసారీ విలువ కట్టే సర్వేయరుకూ, లాయరుకూ ఫీజులు. 28,000 కూడబెట్టేలోగా మెట్టు 32,000కు ఎదిగింది. 2021లో తమరు మనసు మార్చుకుని, కొత్త లీజు ఒప్పందాల్లో ఒక్కో శాతం కూడా కొనుక్కోనిస్తూ, మొదటి పదేళ్లు మరమ్మతులకు ఏటా 500 పౌండ్ల దాకా ఇప్పిస్తున్నారని విని సంతోషించాను. రెండేళ్లు ముందు పుట్టిన లీజు నాది.

అద్దె కట్టలేకపోతే యజమాని అనే మాటకు ఏమవుతుందో కూడా తెలుసుకున్నాను. సగం వాటా ఉన్న ఒక మహిళ బకాయి పడితే, అప్పటి చట్టం దృష్టిలో ఆమె అద్దెదారేనని 2007లో కోర్టు తేల్చింది. ఇల్లు చేజారింది. అందుకే జీతం రాగానే ముందు తమరి అద్దె కట్టి, తరువాతే బియ్యం బస్తా తెచ్చుకుంటున్నాను.

చివరగా ఒక చిన్న మనవి. వచ్చే నెల మా నాన్నగారు వస్తున్నారు. ఫోనులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘‘మన పావు వంతు ఏ వైపుది, వంటగదా, హాలా?’’ అని. హద్దురాయి చూడనిదే ఆయనకు నమ్మకం కుదరదు కనుక, ఒక మనిషిని పంపి నా వాటా ఏ గోడ నుంచి ఏ గోడ వరకో గీత గీయించగలరు. ఆ గీతకయ్యే ఖర్చు మొత్తం ఎలాగూ నాదే.

ఇట్లు,
తమరి పావలా యజమాని