మగ నర్సుల మీద ఆ అయిదు కారణాలు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ ఫార్వర్డ్. "మగవాళ్లు నర్సులుగా ఎందుకు పనికిరారో అయిదు కారణాలు" అని పేరు, కింద వరసగా దణ్ణాల బొమ్మలు. పంపినవాళ్లలో ఇద్దరికి నేను నర్సునని తెలుసు. "నీ గురించి కాదులేరా, మామూలుగా" అని ఒకడు సర్దిచెప్పాడు కూడా. సరే, మామూలుగానే జవాబిస్తాను.

మొదటిది: నర్సింగ్ అనాదిగా ఆడవాళ్ల పనట. మధ్యయుగాల్లో జెరూసలేంలో రోగుల్ని చూసుకున్న హాస్పిటలర్ సోదరులు, అంటే క్రైస్తవ మఠంలోని మగవాళ్లు, ఎవరు మరి? 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని గ్రనాడాలో జాన్ ఆఫ్ గాడ్, రోమ్‌లో కామిల్లస్ అనే క్రైస్తవ సాధువులు రోగులకి చేసింది ఏ పని? 1860లో లండన్‌లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట నర్సింగ్ స్కూలు ఆడవాళ్లకే తెరిచారు. అమెరికా సైన్యం 1901లో నర్సుల విభాగం పెట్టి, మగవాళ్లని అందులోకి తీసుకోవడానికి 1955 దాకా ఆగింది. బయట గడియపెట్టి, "చూశారా, వీళ్లు లోపలికి రారు" అన్నట్టుంది. మగవాడని నర్సింగ్ స్కూల్లో సీటివ్వకపోవడం చెల్లదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది ఆ కోర్టులో తొలి మహిళా జడ్జి, సాండ్రా డే ఓకానర్.

రెండోది: డాక్టరు సీటు రానివాళ్లే ఇటొస్తారట. ఆడ నర్సుల్ని ఈ మాట ఎవరూ అనగా వినలేదు. మొన్న సెలైన్ మారుస్తుంటే ఒక పెద్దాయన "డాక్టర్‌గారూ" అన్నాడు. నర్సునండీ అన్నాను. కాసేపు జాలిగా చూసి, "పోన్లే బాబూ, ఇంకా వయసుంది" అన్నాడు.

మూడోది చదివి ఫోన్ పక్కన పడేశాను. "ఆడ రోగుల్ని ముట్టుకోవడానికే మగవాళ్లు ఈ ఉద్యోగంలోకి వస్తారు."

ఈసీజీ ఎలా తీస్తానో చెబుతాను. కర్టెన్ వేస్తాను, ఏం చేయబోతున్నానో చెప్పి అడుగుతాను, తోడుగా ఒక సిస్టర్‌ని పిలుస్తాను. దుప్పటి కప్పే ఉంచి లీడ్ (ఛాతీకి అంటించే తీగ) పెట్టేంత మేరే తీస్తాను. రొమ్ము కింద పెట్టాల్సినప్పుడు ఆమెనే పక్కకి జరుపుకోమంటాను. ఆమెకి చేతకాకపోతే చేతి వెనకవైపుతో జరుపుతాను, అరచెయ్యి తగలనివ్వను. మాకు నేర్పేదే అలా. ఆమె వద్దంటే ఆగిపోతాను, సిస్టర్ తీస్తుంది. అలా అడగడం ఆమె హక్కు, అందులో నాకు అవమానమేమీ లేదు. కానీ అదే ఛాతీని పొద్దున ఒక మగ డాక్టరు చూసి వెళ్లాడు. ఆయన మీద ఫార్వర్డ్ రాలేదేం? స్టెతస్కోప్ మెళ్లో పడగానే మనసు గంగాజలం అయిపోతుందా? తప్పు చేసినవాణ్ని పట్టుకోండి, వాడి రిజిస్ట్రేషన్ పీకేయండి, అడ్డొస్తే అడగండి.

మరి మగ రోగుల సిగ్గు మాటేమిటి? ఒక రాత్రి డ్యూటీకి వెళ్లేసరికి, ఆపరేషనయ్యాక మూత్రం ఆగిపోయిన ఒకాయన దుప్పటి పిడికిట్లో బిగించి చెమటలు కక్కుతున్నాడు. సిస్టర్లకి చెప్పలేక ఓర్చుకున్నాడు. "పైపు నువ్వే పెడతావా బాబూ?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన అయిదు కారణాల లెక్కలో లేడు.

నాలుగోది: బరువులెత్తడానికీ, తిరగబడే రోగుల్ని పట్టుకోవడానికీ మాత్రం మగవాళ్లని ఉంచుకోవచ్చట. దయ. దీనికి జవాబు నా నడుం చెబుతుంది.

అయిదోది: మగతనం తగ్గుతుంది. ఎన్ని ఎంఎల్ తగ్గిందో కొలిచే సిరంజి మా వార్డులో లేదు.

తమాషా ఏమిటంటే, మగ నర్సుల మీద నిజంగా పెట్టదగ్గ ఫిర్యాదు ఒకటుంది. అది మాత్రం రాసినాయనకి తట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక ప్రకారం నర్సింగ్‌లో దాదాపు 90 శాతం ఆడవాళ్లే, పై కుర్చీల్లో మాత్రం వాళ్ల వాటా అంత లేదు. అమెరికాలో మగ నర్సులకి ఏడాదికి సుమారు 5,100 డాలర్లు ఎక్కువ ముడుతున్నట్టు 2015లో ఒక అధ్యయనం తేల్చింది. నన్ను వార్డు ఇన్‌ఛార్జిని చేసేనాటికి, నాకు నరం పట్టడం నేర్పిన సిస్టర్ ఇంకా నైట్ డ్యూటీలే చేస్తోంది. నేనెందుకని అడిగితే "మగాడివి, గట్టిగా మాట్లాడతావు" అన్నారు. నోరు మూసుకుని ఒప్పేసుకున్నాను. దీని మీద ఎవరైనా ఫార్వర్డ్ రాస్తే నాకు పంపండి, నేనూ నలుగురికి పంపుతాను.